నా బదులు ప్రార్థన చేసిన సువార్తమ్మ

కడపలో మేముండే సందు మొదట్లో సాయంత్రమైతే ఒకావిడ జొన్నరొట్టెలు చేసి అమ్ముతుంది. పెనం మీద రొట్టె కాలే వాసన మా వరండా దాకా వస్తే నేను చేతిలో పని పక్కన పెట్టేస్తాను. సువార్తమ్మ పెద్దమ్మ గుర్తొస్తుంది. మీరెవరూ ఆమెను చూసి ఉండరు. మేము నందికొట్కూరులో ఉన్నప్పుడు మా పక్కింటావిడ, మిరపకోతలకు కూలికి పోయి పిల్లలను సాకిన మనిషి. చర్చిలో ఆమె పాట అందుకుంటే డోలక్ వాయించే ఆయన తాళం తప్పి తల పట్టుకునేవాడు. "దేవునికి లేని ఇబ్బంది నీకేమప్పా?" అని ఆయన్నే దబాయించేది. అలాంటి మనిషి పక్కన ఉంటే ఇల్లు దిగులుగా ఉండమన్నా ఉండదు.

మా సంఘంలో ఆదివారం ఆరాధన చివర సాక్ష్యం చెప్పడం ఆనవాయితీ. ఆ వారం దేవుడు చేసిన మేలు ఏదో లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. జ్వరం తగ్గినా స్తోత్రమే, బర్రె ఈనినా స్తోత్రమే. నేనూ చెప్పేదాన్ని. పెళ్లైన చాన్నాళ్లకు నా కడుపు పండినప్పుడు నేను చెప్పిన సాక్ష్యానికి అందరూ చప్పట్లు కొట్టారు. పుట్టిన బిడ్డ నెల తిరక్కుండానే జ్వరమొచ్చి పోయింది. ఇక నా నోట ప్రార్థన రాలేదు. మోకాళ్ల మీద కూర్చుంటే ఒక్క మాటా పుట్టేది కాదు. చిన్నప్పటి నుంచి నన్ను నిలబెట్టింది ఆ నమ్మకమే. బిడ్డతోపాటు అదీ పోతే నేనెలా బతకాలని భయం పట్టుకుంది.

కొన్ని వారాలకు మా ఆయన బతిమాలితే చర్చికి వెళ్లాను. పాస్టరుగారు మంచి మనసుతోనే, "కరుణమ్మా, దేవుడు నిన్నెలా ఆదరిస్తున్నాడో రెండు మాటలు చెప్పమ్మా" అన్నారు. లేచాను. స్తోత్రం అనబోతే ఏడుపొచ్చింది. అందరూ నా వైపే చూస్తున్నారు. అప్పుడు వెనక వరసలోంచి సువార్తమ్మ లేచింది.

"అయ్యగారూ, ఈ పిల్ల దగ్గర ఇప్పుడు స్తోత్రం యాడుండాది? ఏడుపే ఉండాది. అదే తెచ్చినాది. దేవుడు దాన్నే తీసుకుంటాడులే" అంటూ వచ్చి, నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. పాస్టరుగారు తల వంచుకున్నారు. ఆ రోజు ఇంకెవరూ సాక్ష్యం చెప్పలేదు. నా తరఫున అంత గట్టిగా మాట్లాడిన మనిషి నాకు అంతవరకూ తారసపడలేదు.

అప్పటి నుంచి రోజూ పొద్దు గూకే వేళకు రెండు జొన్నరొట్టెలు, ఇంత శనక్కాయల చట్నీ తెచ్చి దగ్గర కూర్చుని తినిపించేది. తరువాత, "నువ్వు ఊరికే కూచో, నేను చేస్తాలే" అని నా బదులు ప్రార్థన చేసేది. ఒక్కనాడూ నీతులు చెప్పలేదు. ఆ ఓపిక చూసి ఒకరోజు నాకే చిరాకేసింది. ఆమె పెద్దకొడుకు కామెర్లతో పోయిన సంగతి నాకు తెలుసు.

"పెద్దమ్మా, నీ కొడుకు పోయినప్పుడు నీకు దేవుని మీద కోపం రాలేదా?" అని అడిగాను.

"రాకేం మ్మే? శానా వచ్చినాది. తిట్టినా. తిట్టేకైనా ఆయన కావల్ల గదా నాకు!"

"మరి ఇప్పుడు మనసు నిండిందా?"

ఆమె నవ్వింది. "నిన్న రొట్టె తింటిమని ఈరోజు ఆకలి కాకుండా ఉంటాదా? ఇదీ అంతే. ఏ రోజుకారోజు అడుక్కుంటాండా. ఏ రోజుకారోజు పెడతాండాడు."

ఆ మాట అని కళ్లు మూసుకుంది. కానీ ఆ రోజు ప్రార్థన మొదలుపెట్టలేదు. నేను ఎదురుచూశాను. చాలాసేపటికి నా గొంతే నాకు వినిపించింది. "నా బిడ్డను ఎందుకు తీసుకుపోతివి? నీకు యాడ తక్కువైనాది? అడిగి అడిగి తెచ్చుకుంటి గదా!" అది ప్రార్థన కాదు, పోట్లాట. అరిచాను, గుండెలు బాదుకున్నాను. అంతా అయ్యాక భయమేసి ఆమె వైపు చూశాను. ఆమె కళ్లు తెరవలేదు, చెంపలు మాత్రం తడిసిపోయాయి.

"ఆమేన్" అంది.

పెద్దమ్మ పోయి కొన్నేళ్లయింది. ఆమెను తలుచుకుంటే ఇప్పటికీ నా గుండె నిబ్బరంగా ఉంటుంది. ప్రార్థనకు కూర్చున్నప్పుడు మంచి మాటల కోసం వెతుక్కోను, మనసులో ఏముంటే అదే చెబుతాను. లేచేసరికి కడుపునిండా తిన్నట్టుంటుంది. మర్నాటికి మళ్లీ ఆకలేస్తుంది, మళ్లీ కూర్చుంటాను. నా బిడ్డ ఎందుకు పోయిందో ఆయన ఇంతవరకూ చెప్పలేదు. అడగడం నేనూ మానలేదు.