మూర్తులు కట్టిన నందివర్ధనం

నిన్న పొద్దున్న ఆఫీసుకి వెళ్తూ బస్సులో ఉన్నాను. కొవ్వూరు దాటి బ్రిడ్జి ఎక్కాం. మూర్తులు నంబర్ నుంచి ఫోన్.

ఎత్తలేదు.

తిడతాడని తెలుసు. ముందు రోజు సాయంత్రం కూడా అందుకే కట్ చేశాను.

మళ్ళీ మోగింది. విసుక్కుంటూ ఎత్తి, "ఏంట్రా, నేనే చేస్తానన్నాను కదా" అన్నాను.

వాడు కాదు. వాళ్ళ తమ్ముడు.

"అన్నయ్య పోయాడండి" అన్నాడు.

బస్సులో పక్కాయన ఏమైందండీ అని అడుగుతున్నాడు.

కడియంలో నర్సరీ దగ్గర లారీకి మొక్కలు ఎక్కిస్తుంటే చూస్తున్నాడట. గుండెల్లో నొప్పిగా ఉందని కూర్చున్నాడట. హాస్పిటల్‌కి చేరేలోపే అయిపోయింది.

మూర్తులు అంటే మా త్రిమూర్తులు. వాడి గురించి తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను.

నేనూ వాడూ డిగ్రీలో ఒకే బెంచి. వాడు నాన్నగారి నర్సరీ చూసుకున్నాడు, నేను ఉద్యోగంలో పడ్డాను. ఇద్దరికీ ఉన్న పిచ్చి ఒకటే, అంతరిక్ష యుద్ధాల కథలు. చివరికి మేమే ఒక సీరియల్ మొదలుపెట్టి ఆన్‌లైన్‌లో రాస్తూ వచ్చాం.

ఓడలు వాడివి. యుద్ధాలు నావి. వాడు డిజైన్ చేసి ఇస్తే, వాటితో ఎవరు ఎవర్ని ఎలా కొట్టాలో నేను రాసేవాణ్ణి.

మా మధ్య ఒకటే ఒప్పందం. వాడి ఓడని కూల్చాలంటే ముందు వాడికి చెప్పాలి.

నేను రుద్ర, వజ్ర అని పేర్లు చెబితే నవ్వేవాడు. అవి అందరూ పెట్టేవేరా అని, నర్సరీలో ఉన్న పేర్లన్నీ తెచ్చి యుద్ధనౌకలకి తగిలించాడు. గన్నేరు. మందారం. నందివర్ధనం.

శత్రువుల కమాండర్ "మందారం వస్తోంది, వెనక్కి తిరగండి" అని వణికిపోయే సీను సీరియస్‌గా రాయడానికి నేను పడ్డ పాట్లు నాకే తెలుసు.

వాటన్నిట్లో వాడికి ప్రాణం నందివర్ధనం.

దాని మధ్యలో ఈ చివర నుంచి ఆ చివరికి ఖాళీగా ఒక దారి వదిలాడు. ఓడ దెబ్బతింటే లోపలున్న వాళ్ళంతా ఆ దారిలో పరిగెత్తి, చిన్న పడవలెక్కి బయటపడాలి.

నాకు ఒళ్ళు మండింది. అంత చోటు వేస్ట్ చేస్తే నా మిసైళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? ఇది వార్‌షిప్పా, టూరిస్టు లాంచీయా అని అడిగాను.

వాడు వాదించలేదు. నర్సరీకి రమ్మని, సగం లోడైన లారీ చూపించాడు.

"ఇవి రాజస్థాన్ దాకా వెళ్ళాలిరా. మధ్యలో మనిషి దూరి నీళ్ళు కొట్టడానికి చోటు ఉంచకపోతే సగం దారిలోనే పోతాయి. మొక్కలకే అంత చూస్తున్నాను. నీ ఓడలో మనుషులున్నారు."

వాడన్నది నిజమే. కానీ నేను ఒప్పుకునే రకం కాదు కాబట్టి టీ తాగి వచ్చేశాను. దారి మాత్రం అలాగే ఉంచాం.

ఇక మొన్న ఆదివారం.

ఈ మధ్య సీరియల్‌కి చదివేవాళ్ళు తగ్గారు. ఒక పెద్ద షాక్ ఇవ్వాలనుకున్నాను.

అంతరిక్షంలో బ్రేకులుండవు. ఆగాలంటే ఓడని వెనక్కి తిప్పి ఇంజన్ మండించాలి. ఆ కాసేపు ముందున్న తుపాకులు ఎదుటివాడి వైపు ఉండవు. ఇది కూడా వాడు నేర్పిందే.

అందుకని నందివర్ధనాన్ని ఎరగా వేశాను. శత్రువులు దాని మీద ఉన్నదంతా కాల్చేసి, దగ్గరికొచ్చి ఆగడానికి వెనక్కి తిరిగారు. అప్పుడు దాని చాటున దాక్కున్న మా చిన్న ఓడలు బయటికొచ్చి అందర్నీ తుడిచిపెట్టాయి.

గెలిచాం. నందివర్ధనం ముక్కలైంది.

వాడికి చెప్పలేదు. చెబితే వద్దంటాడు.

కామెంట్లే కామెంట్లు. ఏం స్ట్రాటజీ అన్నా, మైండ్ బ్లాక్ అంటున్నారు. నేను గాల్లో తేలుతున్నాను. అప్పుడు వాడి ఫోన్ వచ్చింది. ఒప్పందం తప్పావని గొడవ పెట్టుకుంటాడని కట్ చేసి, "బిజీగా ఉన్నాను, రేపు చేస్తా" అని మెసేజ్ పెట్టాను.

నిన్న వాళ్ళింటికి వెళ్ళాను. వాడి భార్య లక్ష్మి నన్ను చూసి పక్కకి వచ్చింది.

"నిన్న సాయంత్రం మీకు ఫోన్ చేశారండి అన్నయ్య గారూ. కోపంగా ఏం లేరు. ఆ ఓడలో వాళ్ళు దిగారో లేదో అడుగుదామని. మీరు ఎత్తకపోతే, దిగే ఉంటార్లే, వాడు మర్చిపోడు అని ఆయనే అనుకున్నారు."

నేను మర్చిపోయాను.

ఆ అధ్యాయం మొత్తంలో ఆ మనుషుల గురించి ఒక్క లైను లేదు. చంపాలని కూడా అనుకోలేదు. అసలు గుర్తు లేరు. వాడు అంత పట్టుబట్టి వదిలిన దారి వైపు ఒక్కడు కూడా పరిగెత్తలేదు.

"దిగారా అండి?" అని అడిగింది లక్ష్మి.

"దిగారమ్మా, అందరూ దిగారు" అన్నాను.

ఆమె తల ఊపి లోపలికి వెళ్ళిపోయింది.

లక్ష్మీ, ఈ పోస్ట్ నువ్వు చదువుతావని తెలుసు. నీకు అబద్ధం చెప్పాను. నన్ను క్షమించమ్మా.

వచ్చే వారం వాళ్ళు బతికారని రాయగలను. ఎలా బతికారో కూడా నమ్మించగలను, అది నాకు వచ్చిన పనే. చదివేవాళ్ళకి అది చాలు. కానీ వాళ్ళ కోసం ఫోన్ చేసింది వాడొక్కడే.

ఫోన్ ఎత్తి ఉంటే, కంగారుపడి అయినా సరే, "దిగార్రా" అనేవాణ్ణి. వెంటనే కూర్చుని ఆ లైను రాసేవాణ్ణి. వాడు ఆ మాట నా నోటి నుంచి విని పడుకునేవాడు.

వెళ్ళిరా మూర్తులూ. ఇక ఏ ఆలోచనా పెట్టుకోకుండా ప్రశాంతంగా ఉండరా.