మా నానమ్మ పాస్‌పోర్టుకు బాలమణి పెద్దమ్మ సాక్ష్యం

మా చిన్నప్పుడు ఇంటికి పోలీసు వస్తున్నాడంటే అందరూ భయపడేవాళ్ళు... మా నానమ్మ మార్తమ్మ మాత్రం ముఖానికి పౌడరు రాసుకుని, చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది!

చర్చివాళ్ళంతా కలిసి యెరూషలేము యాత్రకు పోతున్నారు. నానమ్మ పాస్‌పోర్టుకు పెట్టుకుంది. దాని ఎంక్వైరీకే ఆ పోలీసాయన వచ్చింది.

అమీర్‌పేటలో మాది గోడకు గోడ ఆనుకున్న ఇళ్ళ గల్లీ. పోలీసాయన కాగితాలన్నీ చూసి, "పక్కింటోళ్ళతోని సాక్ష్యం సంతకం పెట్టియ్యాలె" అన్నాడు.

నాన్న ముఖం మాడిపోయింది. ఎడమపక్క ఇంటికి తాళం... ఊరికి పోయారు. కుడిపక్కన ఉన్నది బాలమణి పెద్దమ్మ. నానమ్మకూ ఆమెకూ మాటల్లేక చాలా రోజులైంది. నానమ్మ పొద్దున్నే వాకిలి కడిగితే ఆ నీళ్ళన్నీ పోయి పెద్దమ్మ ముగ్గు మీద పడేవి. అదీ గొడవ!

"అమ్మా, నువ్వే పోయి జర అడుగు" అని నాన్న బతిమాలాడు.

"నేను పోను. యెరూషలేము పోకున్నా మంచిదే" అంది నానమ్మ. అంది కానీ, చేతిలో కొంగు నలుగుతూనే ఉంది... ఆ యాత్ర గురించి ఎన్ని ఆదివారాలు ప్రార్థన చేసిందో మాకు తెలుసు.

ఇక పోలీసాయనే పోయి పెద్దమ్మ తలుపు కొట్టాడు. మేం పిల్లలం గోడ పట్టుకుని వేలాడుతున్నాం.

"పక్కింటి మార్తమ్మ ఎసొంటిదమ్మా? ఏమన్న లొల్లులు ఉన్నయా?"

"లొల్లులా? దినాం నాతోనే సారూ! నా ముగ్గు ఒక్కనాడు ఉండనియ్యది."

నానమ్మ కుర్చీలోంచి లేచి నిలబడింది. నాన్న కళ్ళు మూసుకున్నాడు.

"అయితే కంప్లైంట్ రాసుకోవాల్నా?" అన్నాడాయన.

పెద్దమ్మకు కోపం వచ్చింది. "గదేంది సారూ! గది మా ఇద్దరి ముచ్చట. గందుల పోలీసులకేం పని? నా బిడ్డకు ఫిట్సొస్తే చెప్పుల్లేకుండ ఎత్తుకొని దవాఖానకు ఉరికింది గీమెనే. గీమె అసొంటి మనిషి మా గల్లీల లేదు. ఏడ పెట్టాలె సంతకం?"

నానమ్మ లోపలికి పోయింది. కాసేపటికి చాయ్ తెచ్చి, ముందు పోలీసాయనకు ఇచ్చి, తర్వాత ఇంకో గ్లాసు పెద్దమ్మ చేతికి అందించింది.

పెద్దమ్మ ఒక గుక్క తాగి, "చక్కెర ఎక్కువేసినవ్" అంది.

"మస్తు తీపి మాట్లాడితివి గద... దానికి సరిపోతదని" అంది నానమ్మ. ఇద్దరూ నవ్వేశారు... పోలీసాయన కూడా!

పాస్‌పోర్టు వచ్చింది. పంజాగుట్టలో ట్రావెల్స్ ఆఫీసుకు వీసా కోసం నేనూ తోడు వెళ్ళాను. పాస్‌పోర్టు ఇంకా ఆరు నెలలైనా చెల్లాలని అక్కడ చెబితే, "దీనికి పదేండ్లు ఇచ్చిండ్రు బిడ్డా... నాకే ఎన్నేండ్లు ఇచ్చిండో దేవుడు" అని పకపకా నవ్వింది నానమ్మ.

అప్పుడు విమానాలు బేగంపేట నుంచే ఎగిరేవి. సాగనంపడానికి బాలమణి పెద్దమ్మ కూడా మాతో వచ్చింది, సర్వపిండి మూట కట్టుకుని. లోపలికి పోయే ముందు నానమ్మ చెయ్యి పట్టుకుని, "పాస్‌పోర్టు పైలం. పోగొట్టుకున్నవంటే మల్ల నేను సాక్ష్యం చెప్ప!" అంది.

మొన్న నా పాస్‌పోర్టు రెన్యువల్‌కు ఎంక్వైరీ వచ్చింది. పక్కవాళ్ళ సంతకం కావాలన్నారు. ఎదురు ఫ్లాట్ బెల్లు కొట్టాను. ఆయన చాలా మర్యాదగా, ఒక్క ప్రశ్న కూడా అడగకుండా పెట్టేశాడు... ఆయన పేరేంటో ఆ సంతకం చూసి తెలుసుకున్నాను.

పోలీసులు మీ గురించి అడిగితే పోట్లాడి మరీ మంచి చెప్పే పక్కింటివాళ్ళు మీకున్నారా? ఉంటే వాళ్ళ పేరు ఇక్కడ రాయండి... చదివి సంతోషిస్తాను.