ఫోన్ పెట్టని బాబాయి

మా బాబాయి ఫోన్ తనంతట తాను పెట్టడు. ఎంత చిన్న మాటయినా సరే, అవతలివాళ్ళు పెట్టేదాకా చెవికి ఆనించుకుని కూర్చుంటాడు. ఆయన కుడి చెవి ఎడమ చెవి కంటే కాస్త చదునుగా ఉంటుందని మా పిన్ని అంటుంది. నేను కొలవలేదు గానీ నమ్ముతాను.

రాంగ్ నంబరయినా అంతే. ఎవరో తాళాలు బాగుచేసేవాడనుకుని చేస్తే, "నేను కాదండీ" అన్నాడు. అవతలాయన పెట్టలేదు, ఈయనా పెట్టలేదు. చివరికి అవతలాయన గోడు మొత్తం విని, తాళాలవాడి నంబరు వెతికి ఇచ్చేదాకా ఇంట్లో ఎవరికీ భోజనాల్లేవు. ఇంకోసారి లోన్ కావాలా అంటూ రికార్డు చేసిన గొంతు వస్తే, అది చెప్పిందే మళ్ళీ చెబుతున్నా వింటున్నాడు.

"అది మనిషి కాదు, పెట్టెయ్యండి" అంది పిన్ని.

"దాన్నే పెట్టనీ" అన్నాడు బాబాయి.

నేను ఇంటి ముందుగదిలో బట్టలు కుడతాను. పాత మిషన్ మొరాయిస్తోందని, కొత్తదానికోసం ఒక ఆన్‌లైన్ షాపు వాలెట్‌లో కొద్దికొద్దిగా డబ్బు దాచుకుంటున్నాను. ఒకరోజు పొద్దున్నే చూద్దును కదా, ఎవరో నా అకౌంట్లో దూరి ఆ డబ్బుతో చేపల గాలం, డ్రమ్ములు, కుక్క పరుపు ఆర్డరు పెట్టేశారు. పక్కవీధిలో ఉన్న బాబాయి ఇంటికి పరిగెత్తాను.

"మీకు కుక్క లేదు కదమ్మా" అన్నాడు బాబాయి.

"నేను కొనలేదు బాబాయ్. దొంగ కొన్నాడు."

"కుక్కని పరుపుమీద పడుకోబెట్టేవాడు మరీ చెడ్డవాడై ఉండడు."

"మీరు కాసేపు నోరు మూసుకోండి" అంది పిన్ని.

షాపువాళ్ళకి ఫోన్ చేస్తే సంగీతం. మధ్యమధ్యలో "దయచేసి వేచి ఉండండి". విని విని విసుగొచ్చి పెట్టేయడం, మళ్ళీ చేసి వరస చివర నిలబడటం. నా అవస్థ చూడలేక బాబాయి చెయ్యి చాపాడు.

"ఇలా ఇయ్యి. ఇది నా పని."

స్పీకరు పెట్టి ఒళ్ళో ఉంచుకుని, పిన్నితో కలిసి చిక్కుడుకాయలు ఒలిచాడు. కాయలైపోయాయి. సంగీతం ఆయనకి నోటికి వచ్చేసింది. అప్పుడు పలికింది ఒక అమ్మాయి.

వివరాలు నేను చెప్పాను. పాపం ఓపిగ్గా అన్నీ అడిగి, ఆ ఆర్డర్లు రద్దు చేసి, డబ్బు వాలెట్‌లో వేసి, నాచేత పాస్‌వర్డ్ మార్పించింది. దండం పెట్టాలనిపించింది. "చాలా థాంక్స్ అండీ" అని పెట్టెయ్యబోతే, బాబాయి ఫోన్ అందుకున్నాడు.

"ఉంటానమ్మా."

"ఉంటాను సార్."

ఇద్దరూ ఉన్నారు.

"సార్, లైన్లోనే ఉన్నారా?"

"ఉన్నానమ్మా. నువ్వు పెట్టెయ్."

"మేం ముందు పెట్టకూడదు సార్. కంపెనీ రూలు."

"నేనూ పెట్టనమ్మా."

పిన్ని నెత్తిన చెయ్యి పెట్టుకుంది. అవతల ఆ అమ్మాయి ఏం తోచక నా అకౌంటే మళ్ళీ చూస్తున్నట్టుంది.

"సార్, ఒక్క నిమిషం. ఇది ఇంకో ఫోన్లో తెరిచే ఉంది. పాస్‌వర్డ్ మార్చినా పోలేదు. ఇప్పుడే ఎవరో మంచం బుక్ చేయబోతున్నారు."

"ఈసారి ఎవరికి?" అన్నాడు బాబాయి.

ఆ అమ్మాయి గబగబా నొక్కి దొంగని బయటికి తోసేసింది. "మీరు పెట్టేసి ఉంటే నేను చూసేదాన్ని కాదు సార్. డబ్బు మళ్ళీ పోయేది" అంది. తర్వాత "మామీద అరిచి టక్కున పెట్టేసేవాళ్ళే అందరూ. మీరెందుకు పెట్టరు?" అని అడిగింది. ఇన్నేళ్ళలో మాకెవరికీ అడగాలని తోచలేదు.

"పెట్టేశాక ఆ టక్కుమనే చప్పుడుంటుంది చూడు, అది ఎవరో ఒకరు వినాలి కదమ్మా. నేను వింటే సరిపోతుంది."

అవతల ఆ అమ్మాయి నవ్వింది. ఆ ఒక్కసారికీ రూలు పక్కనపెట్టి, తనే మెల్లగా పెట్టేసింది.

కొత్త మిషన్ వచ్చింది. దానిమీద మొదట కుట్టింది బాబాయికి చొక్కానే. సరిపోయిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను. సరిపోయిందన్నాడు. ఈసారి ఆ చప్పుడు నేనే విందామని నేనూ పెట్టలేదు.

"పెట్టమ్మా" అన్నాడు.

"నువ్వే పెట్టు బాబాయ్" అన్నాను.

చాలాసేపటికి పిన్ని వచ్చి, ఆయన చేతిలోంచి లాక్కుని పెట్టేసింది.