ఐదో నెలలో తగ్గిన అంకె

ప్రేమలత కొత్తవాడలో దర్రీలు, అంటే జంపఖానాలు, నేస్తుంది. ఆరేళ్ల కింద జ్వరం ఎంతకూ తగ్గక పరీక్షలు చేయిస్తే ఆమెకూ, భర్త మహిపాల్‌కూ హెచ్‌ఐవీ ఉందని తేలింది. అప్పటినుంచి ఇద్దరూ రోజూ గోలీ వేసుకుంటున్నారు, ఒక్కరోజూ తప్పలేదు. కొన్నేళ్లకు డాక్టర్ భారతి సరేనన్నాకే బిడ్డను కనాలనుకున్నారు.

కడుపుతో ఉన్న ఐదో నెలలో ప్రేమలత రక్తపరీక్ష కాగితాన్ని రెండుసార్లు చదివింది. రోగాలతో పోరాడే కణాల లెక్క, దవాఖానలో సీడీ ఫోర్ అనేది, ఆరువందల నలభై నుంచి నాలుగువందల ముప్పైకి దిగింది. అది తగ్గడం ఆమె ఎన్నడూ చూడలేదు.

ఆ మాట విని అత్త సమ్మమ్మ హడలిపోయింది. "గా గోలీల వేడికే గిట్లయితాంది బిడ్డా. కాన్పయ్యేదాంక బందు పెట్టు."

"అడగకుంట ఆపేది లేదు అత్తమ్మా. రేపు నాతోని రా. నువ్వే అడుగు."

మర్నాడు దవాఖానలో సమ్మమ్మ కుర్చీలో కూర్చోకముందే అడిగేసింది. "మేడం, మా కోడలి బలమంత కడుపుల బిడ్డ గుంజుకుంటాందా?"

"లేదమ్మా," అంది డాక్టర్. "కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం పెరుగుతది. అందులో నీటి భాగమే ఎక్కువ. అందుకే చుక్కలో లెక్కపెడితే కణాలు తక్కువ కనిపిస్తయి. పర్సెంటేజీ చూడండి, అంటే ఆ జాతి తెల్లకణాల్లో ఇవి వందకు ఎన్ని అని. అప్పుడూ ముప్పై ఒకటే, ఇప్పుడూ ముప్పై ఒకటే. వైరస్ అయితే పరీక్షకు అందనంత తక్కువ ఉంది. గోలీలు ఆపితేనే అది మళ్లీ లేస్తది."

ప్రేమలత కాగితం మీది అంకెలు పోల్చి చూసుకుంది. "అంటే రంగు బానల ఇంకో రెండు బిందెల నీళ్లు పోసినట్టు. రంగు యాడికి పోలే, పల్చగ కనబడ్తాంది. గంతే కదా మేడం?"

ముప్పై ఏళ్లు నూలుకు రంగులద్దిన సమ్మమ్మకు ఇక వేరే చెప్పాల్సిన పని లేకపోయింది. "గట్ల చెప్పుర్రి మరి!" అంది.

ఏడో నెలలో దగ్గు పట్టింది. గర్భిణులకు జలుబు, దగ్గు ముదిరే ప్రమాదం ఎక్కువని డాక్టర్ ముందే చెప్పి ఉండటంతో ప్రేమలత ఆ రోజే మగ్గం దిగి దవాఖానకు పోయింది. వారంలో తగ్గింది.

ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోల ఏడువందలు. రమ్య అని పేరు పెట్టారు. హెచ్‌ఐవీ సోకకుండా ఆరు వారాలు మందు సిరప్ పట్టారు. ఆరునెలలదాకా తల్లిపాలు తప్ప ఇంకేమీ ఇవ్వలేదు. కాన్పయిన నాలుగు నెలలకు ప్రేమలత లెక్క మళ్లీ ఆరువందలు దాటింది.

పద్దెనిమిది నెలలకు రమ్యకు చివరి పరీక్ష చేశారు. హెచ్‌ఐవీ లేదని నర్సు చెబితే మహిపాల్ నమ్మలేక "ఇంకోపారి చదువుర్రి సిస్టర్" అన్నాడు. ఆమె మళ్లీ చదువుతుంటే ప్రేమలత పక్క బెంచీ మీదికి జరిగింది. అక్కడ నిండు కడుపుతో ఒక పిల్ల సీడీ ఫోర్ తగ్గిన కాగితం పట్టుకుని ఏడుస్తోంది.

"ఏడ్వకు చెల్లె. లోపలికి పోయి ముందు పర్సెంటేజీ ఎంతుందో అడుగు. పా, నేను గూడ వస్త."