పిన్ని మంచి చీర కట్టుకొచ్చిన రోజు

ఏజెన్సీ కాగితాల మీద సంతకం పెట్టిన రోజు తలుచుకుంటే నాకు ముందు గుర్తొచ్చేది ఆకలి. తిన్నది ముఖంలో తెలిసిపోతుందని ఎవరో భయపెడితే, తిరువూరు నుంచి హైదరాబాదు దాకా బస్సులో ఏమీ ముట్టకుండా వెళ్లాను. ఆఫీసులో నల్ల టీషర్టు, నల్ల ప్యాంటు వేసుకోమన్నారు. జుట్టు వెనక్కి లాగి కట్టించి తెల్లగోడ ముందు నిలబెట్టారు. ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి ఫోటోలు తీశారు. నవ్వమన్నారు. నవ్వొద్దన్నారు. ఒకమ్మాయి టేపు పట్టుకొచ్చి నన్ను కొలిచి, కంప్యూటరు ముందు కూర్చున్నావిడకి అంకెలు చెప్పింది. ఆవిడ ఆ అంకెలు విని తలెత్తింది.

"హైటు సూపర్. కలరు కూడా, ఇప్పుడు ఇలాంటి కలరే అడుగుతున్నారు. హిప్ దగ్గర మాత్రం రెండంగుళాలు తగ్గాలి డియర్."

ఏ కంపెనీకి ఏ అమ్మాయిని పంపాలో చూసేది ఆవిడే. అందరం ఆవిడని మేడమ్ అనేవాళ్లం. ఆవిడ అందరినీ డియర్ అనేది. పేర్లతో పనిలేకుండా జరిగిపోయేది.

మా ఊళ్లో చిన్నప్పటి నుంచీ నా మీద ఉన్న ఫిర్యాదులు రెండు, పొడుగు, నలుపు. చర్చిలో ఆడవాళ్ల వరసలో కూర్చున్నా నా తల అందరికంటే పైన కనపడేది. ఈ పిల్లకి సంబంధం ఎట్లా తెస్తారని మా అమ్మని అడగనివాళ్లు లేరు. విజయవాడలో ఒక పెళ్లికి వెళ్తే, పెళ్లికూతురికి మేకప్ చెయ్యడానికొచ్చినావిడ నన్ను ఎగాదిగా చూసి, నా ఫోటోలు తీసి ఆ ఏజెన్సీకి పంపింది. అలా మొదలైంది. పొడుగూ నలుపూ రెండూ ఒక్కసారిగా మంచివైపోతే, ఇంక నాకు కష్టాలు తీరినట్టే అనుకున్నాను.

ఇంటికొచ్చి ఆ రెండంగుళాల సంగతి అమ్మతో చెప్పాను. అమ్మ మా ముందుగదిలో మిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. మిషను ఆపకుండానే వింది.

"ఒంటికి తగ్గట్టు బట్ట కుట్టడం తెలుసు గానీ, బట్టకి తగ్గట్టు ఒళ్లు కుట్టడం నాకు తెలీదమ్మా. అన్నం తిను," అంది.

తినలేదు. దోసకాయ ముక్కలు, గుడ్డులో తెల్లసొన, మజ్జిగ. మా ఇంట్లో పప్పు తాలింపు పెడుతుంటే నేను డాబా ఎక్కేసేదాన్ని. అక్కడే ఎత్తుమడమల చెప్పులేసుకుని నడక నేర్చుకునేదాన్ని. పైన మేకలు పరిగెడుతున్నట్టుందని కింద నుంచి అమ్మ అరిచేది.

మోడల్ అంటే ఫోటోలు దిగడమనుకున్నాను. మొదటి నెలల్లో నేను చేసిందల్లా కూర్చోవడం. మేడమ్ ఫోన్ చేసి ఫలానా చోట అమ్మాయిల్ని చూస్తున్నారు, వెళ్లు అనేది. బస్సెక్కి పోయేదాన్ని. వెళ్తే ఒక హాలు, గోడ వెంట కుర్చీలు, కుర్చీల్లో నాలాగే పొడుగ్గా, నాలాగే ఆకలితో ఉన్న అమ్మాయిలు. ఎప్పటికో పిలిచేవాళ్లు. ఆ చివరికి నడిచి, తిరిగి రావాలి. కొందరు తలెత్తి చూసేవాళ్లు, కొందరు ఫోన్లోనే ఉండేవాళ్లు. "థాంక్యూ, చెప్తాం." వద్దని ఎవరూ అనరు. వద్దంటే ఆ రోజుకి ఏడ్చి ఊరుకోవచ్చు. చెప్తాం అనే మాటతో మళ్లీ బస్సెక్కి తిరువూరు రావాలి.

బస్టాండులో దిగితే తెలిసినవాళ్లు అడిగేవాళ్లు, "ఏమ్మా, ఎప్పుడొస్తున్నావు టీవీలో?" మొదట్లో నవ్వుతూ ఏదో ఒకటి చెప్పేదాన్ని. తరవాత తరవాత చున్నీ ముఖానికి చుట్టుకుని దిగడం మొదలుపెట్టాను. అమ్మని అడిగితే, "హైదరాబాదులో ఏదో ఆఫీసు పనండి," అని జాకెట్ల వాళ్లకి చెప్పేది. అది అబద్ధమని కూడా అనలేను. ఆఫీసుల్లో కూర్చునే వస్తున్నాను కదా.

నన్ను చూసి చర్చిలో ఒక పెద్దావిడ, "ఏంటమ్మా ఇలా అయిపోయావు, జ్వరమొచ్చిందా?" అని నా కోసం ప్రార్థన చేసింది. చిక్కిపోయానని ఒకరు కన్నీళ్లు పెట్టుకున్న రోజే, ఇంకా కొంచెం తగ్గాలని మేడమ్ నుంచి మెసేజ్ వచ్చింది.

మామిడికాయలు కోతకొచ్చాక, మంచి ఎండల్లో, మొదటి పని దొరికింది. చేనేత చీరల కంపెనీ. దసరాకి అమ్మే చీరలకి ఫోటోలు మే నెలలోనే తీస్తారు. తోట కావాలి, తోటలో నిజంగా పనిచేసే ఆడవాళ్లు కూడా ఫోటోలో కావాలని వాళ్ల కోరిక.

"రెడ్డిగూడెం దగ్గరంట డియర్. నీకు పక్కనే కదా. లక్కీ!" అంది మేడమ్ ఫోన్లో.

రెడ్డిగూడెంలో మా పిన్ని ఉంటుంది. అమ్మకి చెల్లెలు. అమ్మని ఉద్యోగం ఉన్న మనిషికి ఇచ్చారు, నాన్న గవర్నమెంటు ఆఫీసులో అటెండరు. పిన్నిని కూలీపని చేసుకునే ఇంట్లో ఇచ్చారు. అక్కచెల్లెళ్ల మధ్య ప్రేమకేం లోటు లేదు గానీ, కోతల కాలంలో పిన్నికి మా ఇంటికి రావడానికి తీరిక ఉండేది కాదు. పని దొరికిందని అమ్మ సంతోషం పట్టలేక ఆ రాత్రే చెల్లెలికి ఫోన్ చేసింది. తోట ఎవరిదో చెప్పేసరికి పిన్ని, "మా కూలీల ముఠా ఇప్పుడు అక్కడే కాయలు కోస్తంది," అందట.

నేను వెళ్లేసరికి తెల్ల వ్యాను చెట్ల మధ్య ఆగి ఉంది. దాని వెనక దుప్పటి అడ్డం కట్టి చీర మార్పించారు. ముదురు మెరూన్ పట్టుచీర, చలికాలంలో కట్టుకున్నా చెమట పట్టేంత బరువు. జాకెట్టు ఎవరి కొలతలకి కుట్టారో తెలీదు. తగ్గాలి తగ్గాలని నెలల తరబడి మాడిన నాకు అది వదులైంది. వీపు మీద వరసగా ఇనప క్లిప్పులు పెట్టి బిగించారు. ముందు నుంచి చూస్తే నాకోసమే కుట్టినట్టుంది. వెనక క్లిప్పులు చర్మాన్ని కొరుకుతున్నాయి.

మగవాళ్లు పొడుగాటి కర్రకి వల కట్టిన చిక్కాలతో బంగినపల్లి కాయలు దించుతున్నారు. ఆడవాళ్లు గంపలకెత్తి నీడలోకి మోసుకెళ్తున్నారు. అందరూ ఎండకీ, ఒంటి మీద పడితే కాల్చే మామిడి సొనకీ చీరల మీద మగవాళ్ల పాత చొక్కాలు వేసుకున్నారు. వాళ్ల మధ్యలో ఒక్క పిన్నే చొక్కా లేకుండా ఉంది. ఈస్టరుకి కొనుక్కున్న చిలకాకుపచ్చ చీర కట్టుకుంది, తలలో కనకాంబరాలు పెట్టుకుంది. నన్ను చూసి కళ్లతోనే నవ్వి, తల తిప్పేసుకుంది. నా పని దగ్గర తన చుట్టరికం ఎందుకులే అనుకుందని తరవాత చెప్పింది.

బట్టలు చూసుకునే అమ్మాయి హైదరాబాదుది, నా వయసే ఉంటుంది. ఎండకి ముఖం కందిపోయి, పొద్దుటి నుంచీ నిలబడే ఉంది పాపం. ఆ ఆకుపచ్చ రంగు చూసి పిన్ని దగ్గరికెళ్లింది.

"ఆంటీ, రోజూ పనికి ఇదే కట్టుకొస్తారా?"

"లేదండి. ఫోటోలు తీస్తారన్నారు గదా అని కట్టుకొచ్చా."

"అదే ఆంటీ ప్రాబ్లం. ఈ కలర్ మా చీరని తినేస్తుంది. ఆ చొక్కా ఒకటి వేసుకుంటారా? నిజంగా కూలీవాళ్లలాగా ఉండాలి మాకు."

పిన్ని ఆ అమ్మాయి వైపు చూసింది. కోపం లేదు. నిజంగానే తెలుసుకుందామన్నట్టు అడిగింది.

"నేను కూలీకే వచ్చానమ్మా. ఇంకెట్లా ఉండాలి?"

ముఠాలో ఎవరో కిసుక్కున నవ్వారు. నేను ఉన్నచోటి నుంచే, "ఆవిడ మా పిన్ని," అన్నాను. గట్టిగానే అన్నట్టున్నాను, అందరూ నావైపు తిరిగారు.

ఫోటోగ్రాఫరు కెమెరా దించాడు. అప్పటిదాకా నన్ను గడ్డం ఎత్తు, భుజం దించు అనడం తప్ప వేరే మాట అనని మనిషి, ఒక్కసారిగా హుషారయ్యాడు.

"నిజంగానా? అయితే ఇద్దరినీ కలిపి తీద్దాం. భలే ఉంటుంది. మీరు పట్టుచీరలో, పక్కన ఆంటీ ఆ చొక్కాలో. ఆ తేడా కనపడాలి."

"వద్దులెండి," అంది పిన్ని. "చొక్కా వేసుకుని రోజూ ఉండేదాన్నే. అట్లా ఉన్న నన్ను ఎవరూ ఫోటో తియ్యక్కర్లా. ఈ చీరలో తీస్తే తియ్యండి, లేకపోతే నా పని నేను చేసుకుంటా."

అతను బట్టల అమ్మాయి వైపు చూశాడు. ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. పిన్ని కొంగు దోపుకుని, నీడలో కాయలు ఏరేవాళ్ల దగ్గరికెళ్లి కూర్చుంది.

నా చెయ్యి వీపు మీద క్లిప్పుల దగ్గరికి పోయింది. ఒకటి ఊడింది కూడా. పిన్ని అక్కడి నుంచే కేకేసింది.

"ఏయ్, ఏం చేస్తన్నావు? పనికొచ్చి మధ్యలో పోతారా ఎవరన్నా? కానిచ్చుకుని రా. అన్నం మా ఇంట్లోనే."

ఊడిన క్లిప్పు మళ్లీ పెట్టించుకున్నాను.

మిగిలిన ఆడవాళ్లు నా వెనక గంపలతో నడవాలి. నేను ముందు నడవాలి. వెళ్లడం, తిరిగిరావడం, మళ్లీ వెళ్లడం. మబ్బు అడ్డమొచ్చిందని ఒకసారి, నేను కన్ను ఆర్పానని ఒకసారి. కాయల గంప ఉత్తిది కాదు, నిండుది. చివరికి ఒకావిడ ఆగిపోయింది.

"ఎన్నిసార్లు మొయ్యాలి తల్లీ దీన్ని? దించే చోటు లేదా?"

అందరూ నవ్వారు, ఫోటోగ్రాఫరు కూడా. గంపలు దించి నీళ్లు తాగారు. నేను నీళ్లు తాగితే లిప్‌స్టిక్ పోతుందని స్ట్రా ఇచ్చారు.

ఒక్కటి మాత్రం చెప్పాలి. ఆ ఎండలో ఎప్పుడో, కొమ్మల మధ్య నుంచి వెలుతురు ఒక పక్కగా పడ్డప్పుడు, అతను ఏమీ అనకుండా వరసగా తీసుకుంటూ పోయాడు. ఆ కాసేపు నాకు క్లిప్పులు తెలియలేదు, ఆకలి తెలియలేదు. చెయ్యి ఎక్కడ పెట్టాలో ఎవరూ చెప్పకుండానే తెలిసింది. అంతలో వెలుతురు జరిగిపోయింది.

పని అయ్యాక పిన్ని ఇంటికెళ్లాం. మామిడికాయ పప్పు, వడియాలు. నెలల తరవాత అన్నం కడుపునిండా తిన్నాను. పిన్ని నా వీపు చూసి, "అమ్మో, ఇవేంటే!" అని, ఎర్రగా పడ్డ గుర్తుల మీద కొబ్బరినూనె రాసింది. తన చేతుల మీద సొన కాల్చిన నల్లమచ్చలు ఉన్నాయి. నూనె రాస్తూ అడిగింది.

"నీకు ఇష్టమేనా ఈ పని?"

"అలసటగా ఉంది పిన్నీ."

"అలసట ఏ పనికైనా ఉంటది. ఇష్టమా అని అడిగా."

జవాబు వెతుక్కుంటూనే నిద్రపోయాను. లేచేసరికి పొద్దు వాలింది. పిన్ని ఇంకా ఆ చిలకాకుపచ్చ చీరలోనే ఉంది, పూలు వాడిపోయాయి. గడప దగ్గర నిలబెట్టి నా ఫోన్లో ఫోటో తీశాను. భుజం దించు, గడ్డం ఎత్తు అని నేనూ అనబోయి ఆగాను. ఎలా నిలబడాలనుకుంటే అలా నిలబడింది, చేతులు రెండూ పక్కన పెట్టుకుని, బిగుసుకుని. చూపిస్తే, "లావుగా ఉన్నా," అని, అయినా తన కొడుకు ఫోన్‌కి పంపమంది.

వారం తరవాత మేడమ్ ఫోన్ చేసింది. "క్లయింట్ హ్యాపీ డియర్. కానీ సెట్లో ఫ్యామిలీ మ్యాటర్స్ వద్దు, ఓకేనా?" ఓకే అన్నాను. దసరాకి ఆ ఫోటో వచ్చింది. వెలుతురు పక్కగా పడ్డప్పటిదే ఎంచుకున్నారు. వెనక తోట మసకగా ఉంది. అది రెడ్డిగూడెమో, వేరే రాష్ట్రమో ఎవరూ చెప్పలేరు. చొక్కాలు వేసుకున్న ఆడవాళ్లు కూడా మసకలోనే కలిసిపోయారు. తిరువూరులో కొందరు నన్ను గుర్తుపట్టారు, కొందరు కాదు పొమ్మన్నారు. అమ్మ మాత్రం జాకెట్టు కుట్టు చూసి, "వెనక లాగి బిగించారు కదూ?" అంది.

ఆ ఫోటో చూసి మరికొన్ని పనులు వచ్చాయి. ఎక్కువగా ఆన్‌లైన్లో అమ్మే చీరలకి. తెల్లగోడ ముందు చీర మీద చీర మారుస్తూ నిలబడటం, సాయంత్రానికి కాళ్లు నావి కానట్టుండటం. ఇప్పటికీ అదే చేస్తున్నాను. హాల్లో కుర్చీల్లో కూర్చోవడం మానలేదు, కొంచెం తక్కువసేపు కూర్చోబెడుతున్నారంతే. కొత్తగా చేరిన అమ్మాయిలు నన్ను అక్కా అంటున్నారు.

మొన్న కోతల రోజుల్లో, ఒక షూటింగులో మేకప్ వేసుకుని పిలుపు కోసం చూస్తూ, పిన్నికి ఫోన్ చేశాను.

"ఎక్కడున్నావే?" అంది.

"పనిలోనే పిన్నీ. ఇంకా పిలవలా. కూర్చున్నా. నువ్వు?"

"నేనూ కూర్చునే ఉన్నా. కాయలు కోశాం, లారీ రాలా."

ఇంక చెప్పుకోవడానికి ఇద్దరికీ ఏమీ లేకపోయింది. ఫోన్ పెట్టెయ్యమని తను అనలేదు, నేనూ పెట్టెయ్యలేదు. అటు నుంచి ఆడవాళ్ల మాటలు, చెట్ల మీద కాకులు వినపడుతున్నాయి. నా పిలుపు కంటే లారీ ముందొచ్చింది.