సన్నబడ్డాక నా భుజం మీద చీర వేయనివ్వలేదు

గద్వాలలో ఒక చీరల దుకాణంలో పనిచేస్తాను. కొనడానికి గిరాకీ ఎవరైనా వస్తే కొత్త చీర కొంగు నా భుజం మీద వేసుకుని నిలబడి చూపించడం నా పని. ఒక మధ్యాహ్నం అలా నిలబడి ఉండగానే కళ్లు మసకబారి గోడ పట్టుకున్నాను. దవాఖానలో టెస్టులు చేసి షుగర్, ఫ్యాటీ లివర్ అన్నారు. "వెయిట్ తగ్గకపోతే కష్టం అమ్మా," అన్నారు డాక్టరమ్మ.

తగ్గాను. అన్నం మానేసి జొన్నరొట్టె తిన్నాను, పొద్దున్నే నడిచాను, మాత్రలు వేసుకున్నాను. ఏడాది దాటాక రిపోర్టులు చూసి "షుగర్ కంట్రోల్‌లో ఉంది, ఎక్సలెంట్," అన్నారామె. చేతుల కింద, పొట్ట మీద వేలాడుతున్న చర్మం సంగతి అడగలేదు.

మా తోడికోడలు అడిగింది. "అక్కా, నిజం చెప్పు, టీబీనా? ఇంట్ల పిల్లలున్నరు."

రిపోర్టులు చూపించినా నా గ్లాసు వేరుగా పెట్టింది. గుర్తుకోసం దానికి మా ఇంటి మగ్గం మీది ఎర్ర పట్టుదారం కట్టింది. మర్చిపోతానా?

మా ఆయన నేత ఆపకుండానే, "మునుపే మంచిగుంటివి," అన్నాడు.

దుకాణం సేటు ఇంకా నయం, మొహం మీదే చెప్పాడు. "చెల్లె, నువ్వు ఎనక కూసొని మడతలు పెట్టు. గిరాకీ చీర చూస్తలేరు, ఆమెకేమైందని అడుగుతున్నరు."

అప్పటినుంచి వెనక గది. ఎండాకాలంలోనూ మోచేతులు దాటిన జాకెట్టు. ఇంట్లో అద్దం మీద తువ్వాలు కప్పేదాన్ని. లావుగా ఉన్నప్పుడు నవ్వినవాళ్లే ఇప్పుడు జాలిపడ్డారు. పక్కన కూర్చుని ఎలా ఉన్నావని అడిగినవాళ్లు లేరు.

నిండైన చేతులు తిరిగి రావాలని మళ్లీ తినడం మొదలుపెట్టాను. రెండుపూటలా అన్నం, మధ్యలో బెల్లం. చేతులు నిండలేదు, షుగర్ పెరిగింది.

"అంతా తెలిసి ఎందుకు తిన్నారు?" డాక్టరమ్మ కోప్పడ్డారు.

"ఈ చర్మం చూడలేక తిన్న మేడం. మళ్ల చీర చూపియ్యాలని."

ఆమె నా చెయ్యి పట్టుకుని చూశారు. "ఇది లూజ్ స్కిన్. వెయిట్ తగ్గితే వస్తుంది, రోగం కాదు. నేను ముందే చెప్పాల్సింది," అని కౌన్సెలర్ దగ్గరకు పంపారు. అక్కడ మొదటిరోజంతా ఆ గ్లాసు గురించే మాట్లాడాను. కౌన్సెలర్ అడ్డు చెప్పకుండా విన్నది. ఎన్నాళ్లకో ఒక మనిషి నా మాట పూర్తిగా విన్నది.

ఇప్పుడు షుగర్ అదుపులో ఉంది. చర్మం అలాగే ఉంది. ఈమధ్య సేటు భోజనానికి వెళ్లినప్పుడు చీర కొనడానికి ఒకామె వచ్చింది. నేనే ముందుకొచ్చి కొంగు భుజం మీద వేసుకున్నాను. ఆరోజు పొట్టిచేతుల జాకెట్టే, చెయ్యి కప్పుకోలేదు. ఆమె చూసి, "జర ఇటు తిరుగక్కా, కొంగు మీది బుటాలు కనబడాలె," అంది. తిరిగాను. ఆ చీరే కొన్నది. తిరిగొచ్చిన సేటు ఒక్క మంచిమాట అనలేదు. అదీ గుర్తుంది. కానీ మర్నాడు నేను వెనక గదికి పోలేదు, అతను పొమ్మనలేదు.

బరువు తగ్గమని డాక్టర్ చెప్పినరోజే, తగ్గాక ఒళ్లు ఎలా కనిపిస్తుందో కూడా అడగండి. అడిగేటప్పుడు ఇంట్లోవాళ్లను పక్కన కూర్చోబెట్టుకోండి. డాక్టరు చెబితే వాళ్లు నమ్ముతారు. నేను ప్రతిసారీ ఒక్కదాన్నే పోయాను.