నాలొంగో టెయోపిస్టా కొయ్య కేకులు

మసాకా చుట్టుపక్కల పెళ్లి పెట్టుకున్న ఇల్లు ఏదైనా ముందు నాలొంగో టెయోపిస్టా వాకిట్లో ఆగాల్సిందే. ఆ తర్వాతే చర్చి ఫాదరు, ఆ తర్వాతే టెంట్లవాడు. నాలొంగో ఇంటికీ మా ఇంటికీ గోడ ఒకటే. నేను గోమెసిలు, అంటే మా ఆడవాళ్లు పెళ్లిళ్లకు వేసుకునే ఎత్తు భుజాల గౌన్లు, కుట్టి బతికేదాన్ని. కేకు మాట్లాడుకున్న ఆడవాళ్లు అటునుంచి అటే నా దగ్గరికి వచ్చి, భుజాలు ఎంత ఎత్తుగా నిలబడాలో చెప్పిపోయేవాళ్లు. అందుకని ఆమె సంగతులు నాకు తెలిసినంతగా ఆమె మొగుడికి కూడా తెలియవు.

కవలలు పుట్టినప్పటి నుంచి ఊరంతా ఆమెను నాలొంగో అనీ, ఆయన్ను సాలొంగో అనీ పిలిచేవారు. కవలల తల్లికీ తండ్రికీ మావైపు దక్కే మర్యాద అది. ఆ మర్యాద ఆమెకు చాల్లేదు. కంపాలా వెళ్లి ఒక వానాకాలమంతా కేకుల పని నేర్చుకుని వచ్చింది. వస్తూనే సర్టిఫికెట్టుకు అద్దం కట్టించి, ముందు గదిలో పోపుగారి పటానికి జానెడు పైన తగిలించింది. ఇల్లు దీవించడానికి వచ్చిన ఫాదరు దాన్ని చూసి ఒకసారి దగ్గాడు. ఆమె ఆయనకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది, పటం మాత్రం దించలేదు.

చేతిలో పని ఉన్న మనిషే, కాదనను. ఆమె చక్కెరతో చేసిన గులాబీల మీద నిజం తేనెటీగలు వాలడం నేను చూశాను. రుచి సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవారు కాదు. ఒకసారి నేను నోరు జారి అడిగాను కూడా.

"నోటికి కావాలంటే బస్టాండులో చపాతీలు అమ్ముతున్నారమ్మా," అంది. "నా దగ్గరికొచ్చేది కంటి కోసం."

బేరం కూడా ఆమె తీరులోనే ఉండేది. వచ్చినవాళ్ల మొహం చూడదు, చెప్పులు చూస్తుంది.

"అల్లుడేం చేస్తాడు?"

"బళ్లో పంతులు."

"అయితే మూడంతస్తులు చాలు లెండి. పంతులుకి ఎక్కువైతే బాగుండదు."

ఇక ఆ తల్లికి ఒళ్లు మండిపోయి అయిదంతస్తులు చెప్పి వెళ్లేది. ఆమె ఎవరినీ ఒక్క అంతస్తు కూడా ఎక్కువ చేయించుకోమని అడిగిన పాపాన పోలేదు.

కొయ్య ఎప్పుడు వచ్చిందంటే, ఒకసారి కలుంగు ఊరికి వెళ్లే దారిలో గుంతలకు వ్యాను ఎగిరెగిరి పడి, నాలుగంతస్తుల కేకు అడుగున కుంగి పక్కకు ఒరిగింది. పెళ్లికూతురు కేకును చూసి ఏడ్చింది, నాలొంగో పెళ్లికూతుర్ని చూసి ఏడ్చింది. సాలొంగో వడ్రంగి. పెరట్లో మంచాలూ శవపేటికలూ చేసేవాడు. మాట తక్కువ మనిషి. మర్నాడు తేలిక కొయ్య పలకలు గుండ్రంగా కోసి, అతికించి, రంద పట్టి, తెచ్చి వంటింట్లో పెట్టాడు.

"అడుగున దీన్ని పెట్టు. దీని మీద ఏనుగెక్కినా కుంగదు," అన్నాడు.

ఆమె దాని మీద తెల్లగా పూత పూసి పువ్వులు అతికించింది. ఆ పెళ్లిలో ఎవరూ కనిపెట్టలేదు సరికదా, ఎంత నిటారుగా నిలబడిందో అని మెచ్చుకున్నారు. తర్వాత రెండో అంతస్తు కూడా కొయ్యే అయింది, ఆపైన మూడోది. చివరికి పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కత్తి దించే చోట పిడికెడు కేకు మిగిలింది. బంధువులకు పంచే చిన్న ముక్కలు రేకు పళ్లెంలో వేరే కాల్చి వెనకనుంచి తెచ్చేవాళ్లు. ఒక్కో కొయ్య అంతస్తు అక్క పెళ్లికి వెళ్లివచ్చి, పాత పూత గీకించుకుని, కొత్త పూత పూయించుకుని చెల్లెలి పెళ్లికి వెళ్లేది. ఊళ్లో సగం మందికి తెలుసు. తెలిసినవాళ్లు తమ ఇంట్లో పెళ్లి ఉంటుంది గనక తెలియనట్టే ఉండేవాళ్లు.

పెద్దలకు ఇచ్చే కేకులు మాత్రం ఆమె నిజంగానే కాల్చేది. విందులో కొత్త జంట మోకాళ్ల మీద కూర్చుని తల్లిదండ్రులకూ మేనత్తలకూ మేనమామలకూ తలా ఒక కేకు రిబ్బను కట్టిన పెట్టెలో పెట్టి అందించాలి కదా, అవి. వాటి జోలికి కొయ్య పోలేదు, లుబ్వామా వచ్చేదాకా.

లుబ్వామా స్థలాల బ్రోకరు. లేని గట్టును చూపించి ఉన్న గట్టును అమ్మగలడు. కంపాలా లాయరుగారి అమ్మాయిని చేసుకోబోతున్నాడు. కేకు మాట్లాడడానికి తనే వచ్చాడు. ఆ సమయానికి నేను నాలొంగోకు కొలతలు తీస్తున్నాను.

"పెద్ద కేకు తొమ్మిదంతస్తులమ్మా. ఇక పెద్దలకిచ్చేవి, అమ్మాయి వైపు వాళ్లకు మంచి పళ్లూ జీడిపప్పూ వేసి కాల్చు," అన్నాడు.

"మీ వైపు వాళ్లకో?"

అతను నా వైపు చూసి గొంతు తగ్గించాడు. తగ్గించినా లాభం లేదు, నా చేతిలో టేపు ఆమె మెడ చుట్టూ ఉంది.

"మావాళ్లంతా సరస్సు ఒడ్డు పల్లెటూళ్ల వాళ్లమ్మా. వాళ్లు కేకు కోస్తారా ఏంటి? అల్మారా మీద పెట్టి, పైన లేసు గుడ్డ కప్పి, ఈస్టరు దాకా చూసుకుంటారు. చూసుకునేదానికి గుడ్లూ వెన్నా ఎందుకు దండగ? సాలొంగోతో చెప్పి నాలుగు కొయ్య ముక్కలు..."

నాలొంగో కాసేపు ఆలోచించింది. ఒప్పుకోదనుకున్నాను.

"పైపూతలో మాత్రం తేడా చెయ్యను," అంది చివరికి. "నా దగ్గర గొప్పోళ్లకీ పేదోళ్లకీ ఒకటే పైపూత."

ఆ మాట అన్నప్పుడు ఆమె మొహంలో ఎంత ధర్మం వెలిగిందో చెప్పలేను.

పెళ్లి బాగా జరిగింది. తొమ్మిదంతస్తుల చుట్టూ మెరుపులు చిమ్మే చిచ్చుబుడ్లు పెట్టారు. పెళ్లిపెద్ద మైకులో ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచాడు. లుబ్వామా మేనత్త మగిదలీనా పసుపురంగు గోమెసిలో వచ్చింది. ఆ గోమెసి నేనే కుట్టాను. ఈవిడ బుకకాటా రేవులో చేపలు పొగబెట్టి అమ్మి లుబ్వామాను చదివించిన మనిషి. ఆ చేపల వాసన తనకు అంటుకుందని అతను బళ్లో ఉన్నప్పుడే ఆవిణ్ణి గేటు లోపలికి రానిచ్చేవాడు కాదట. పెళ్లిలో మాత్రం పట్టుబట్టల్లోనే మోకాళ్లు నేలకానించి, పెట్టె రెండు చేతులతో అందించాడు. ఆవిడ దాన్ని ఒళ్లో పెట్టుకుని ఆ పూటంతా దింపలేదు. బరువుగా ఉందేమిటని పక్కావిడ అడిగితే, "మావాడు తక్కువలో ఏదీ చెయ్యడు," అందట.

లుబ్వామా లెక్క ఎక్కడ తప్పిందంటే, ఆవిడ ఇంట్లో అల్మారా లేదు. కేకు తెచ్చిన నాలుగో రోజున మనవరాలి బాప్తిస్మం. రేవు జనమంతా వచ్చారు, కేకు ఎలా ఉంటుందో చూద్దామని రావలసినవాళ్లూ రానవసరం లేనివాళ్లూ. ఆవిడ పాటపాడించి, బిడ్డ తల్లి చేత కత్తి పట్టించింది. పూత పగిలింది, కత్తి ఆగింది. బలం చాల్లేదేమోనని పడవల మేస్త్రీ అందుకున్నాడు. కత్తి మొన విరిగింది. అప్పుడు ఎవరో వేలితో తట్టి చూశారు. టకటకమంది.

చాలామంది నవ్వారట. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. అందరికీ ఉడకబెట్టిన కర్రపెండలం పెట్టి పంపింది.

మర్నాటి ఉదయం ఆవిడ ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని నాలొంగో వాకిట్లో దిగింది. నేను అరుగు మీద మిషను పక్కనే ఉన్నాను.

"అమ్మాయ్, ఈ కేకు నువ్వే కాల్చావా?"

"నేనే అవ్వా. పువ్వేమైనా ఊడిందా?"

"పువ్వులు బానే ఉన్నాయి. లోపలే కాస్త పచ్చిగా ఉంది. ఇంకొంచెం కాల్చి పెడతావేమోనని తెచ్చా. ఓ మూల పొయ్యికి చూపించా కూడా. చక్కగా అంటుకుంటోంది."

నాలొంగో మొహం పాలిపోయింది. అయినా తప్పు తనమీద ఉంచుకునే అలవాటు ఆమెకు లేదు.

"మీ అబ్బాయి చెప్పినట్టే చేశానవ్వా. మీ వైపు వాళ్లందరికీ ఇలాంటివే ఇమ్మన్నాడు."

"అందరికీనా?"

"అమ్మాయి వైపు వాళ్లకు కాదులే."

ముసలావిడ దారిన పోయే బోడా మోటారుసైకిళ్లను చూసింది. తర్వాత చెప్పులు విడిచి, అరుగు మీద కాళ్లు చాపి, కేకు ఒళ్లో పెట్టుకుంది.

"అయితే ఇక్కడే కూర్చుంటా. నాకు తొందరేం లేదు."

కూర్చుంది. రోజూ పొద్దున్నే వచ్చేది, చీకటి పడేలోపు బంధువుల ఇంటికి పోయేది. కేకు కోసం వచ్చిన ప్రతివాళ్లకూ పెట్టె తెరిచి చూపించి, జరిగింది పూసగుచ్చినట్టు చెప్పేది. నాలొంగో లోపల తలుపు వేసుకుని తలకు తడిగుడ్డ చుట్టుకుంది. ఇక తన పని అయిపోయిందని నాతో గోడ అవతలినుంచి చెప్పి ఏడ్చింది. నేనూ అలాగే అనుకున్నాను.

మా ఊరిని మేమిద్దరం తక్కువ అంచనా వేశాం. న్యెండో నుంచి వచ్చిన ఒక పెద్దింటి ఇల్లాలు కథంతా విని, అయ్యయ్యో అని బుగ్గలు నొక్కుకుని, ముసలావిడ చేతులు పట్టుకుని ఓదార్చింది. తర్వాత లోపలికెళ్లి నాలొంగో చెవిలో అడిగింది, "మా ఆడబిడ్డలు ముగ్గురున్నారు. వాళ్లకి అలాంటివి చేసిపెడతావా?"

ఆ వారంలో అలా అడగనివాళ్లు తక్కువ. సాలొంగో మంచాల పని పక్కన పెట్టాడు. అతనికి సిగ్గు లేదు సరికదా, ఇన్నాళ్లకు తన పనిని ఒకరు పట్టి చూస్తున్నారని సంతోషంగా ఉంది. ముసలావిడకు టీ తెచ్చి ఇస్తూ, "ఆ అంచు చూడవ్వా, ఎంత నున్నగా పట్టానో," అన్నాడు.

"బాగుంది నాయనా. నేను పోయాక నా పెట్టె కూడా నువ్వే చెయ్యి."

"కొలత ఇప్పుడే తీసుకోమంటావా?"

ఆవిడ నవ్వింది. వచ్చిన తర్వాత ఆవిడ నవ్వడం నేను చూసింది అప్పుడే.

కబురు వంశపెద్దల దాకా పోయింది. లుబ్వామాను పల్లెకు పిలిపించారు. వచ్చి, నల్లద్దాలు తీయకుండా, "పనివాళ్ల పొరపాటు అత్తా," అన్నాడట.

"పొరపాటుకి మన వైపు వాళ్ల ఇళ్లే ఎలా తెలిశాయి నాయనా?"

పెద్దలు తప్పు వేశారు. పెళ్లాంతో సహా పల్లెకు వచ్చి, రేవు జనమందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని, అందరికీ సరిపడా నిజం కేకు పెట్టాలి. కాల్చింది ఎవరో ఆవిడే అక్కడికొచ్చి, అందరూ చూస్తుండగా కాల్చాలి.

నాలొంగో వెళ్లనని మొండికేసింది. సాలొంగో మాట్లాడకుండా పెద్ద గిన్నెలూ ఇసకా బొగ్గూ బండికెక్కించాడు. తోడుగా నేనూ వెళ్లాను. పల్లెలో చింకి చాపల మధ్య కూర్చుని ఆమె వెన్న గిలకొట్టింది, గుడ్లు కొట్టి పోసింది. ఇసక పోసిన గిన్నెల్లో కేకులు పొంగాయి. చల్లారాక తెల్లటి పూత పూసి, పువ్వులు పెట్టడానికి చెయ్యి ఎత్తింది. అప్పుడే సరస్సు మీదినుంచి దోమపురుగుల మబ్బు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. ఏటా వచ్చేవే. క్షణంలో తెల్ల కేకులన్నీ నల్లగా అయ్యాయి, రెక్కలు కొట్టుకుంటూ.

నాలొంగో అక్కడే చతికిలబడింది. మగిదలీనా అత్త చేపలు తోమే కత్తి తెచ్చి, పురుగులతో సహా పూతంతా చెక్కేసి, గోధుమరంగు ముద్దల్ని అరిటాకుల మీద కోసి పెట్టింది. లుబ్వామా, లాయరుగారి అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుని పంచారు. అమ్మాయి నిజంగానే సిగ్గుపడింది. అతను గడియారం చూసుకున్నాడు.

జనం టీలో ముంచుకుని తిన్నారు. మళ్లీ అడిగి తిన్నారు. పిల్లలు గిన్నెలు గీకి తిన్నారు. నేనూ తిన్నాను. పక్కింట్లో ఇన్నేళ్లుండి, ఆ కేకు అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

"అమ్మాయ్, ఇది చెయ్యడం వచ్చుండి, ఆ కొయ్యలెందుకే నీకు?" అని అడిగింది ముసలావిడ.

నాలొంగో అరటి చెట్ల వెనక్కి పోయి ఏడుస్తోంది. మెచ్చుకున్నందుకేమో అనుకుని దగ్గరికెళ్లాను.

"చూశావా," అంది ముక్కు తుడుచుకుంటూ. "చిలగడదుంపలు తిన్నట్టు తినేశారు. ఒక్కరంటే ఒక్కరు ఫొటో తీశారా?"

ఆ తర్వాత రేవునుంచి ఎవరెవరో ఆ ఉత్త కేకు కావాలని వచ్చారు. తను అలాంటివి చెయ్యనని నాలొంగో తిప్పి పంపేసింది. సాలొంగో ఇద్దరు పనివాళ్లను పెట్టుకున్నాడు. లుబ్వామా ఇప్పుడు మా వార్డు కౌన్సిలరు. అతని ఓట్లలో రేవువి లేవు.

పోయిన ఏడు కవలల్లో పెద్దపిల్ల పెళ్లి జరిగింది. ఆ పిల్ల కోరింది ఒక్కటే.

"అమ్మా, ఆ పల్లెలో చేశావే, అది చెయ్యి నాకు. పువ్వులొద్దు."

"నా కూతురి పెళ్లికి పల్లెటూరి రొట్టె పెడతానా? నలుగురూ ఏమనుకుంటారు?"

తల్లీ కూతుళ్లకు చాలా రోజులు మాటల్లేవు. చివరికి తల్లి మాటే నెగ్గింది. పన్నెండంతస్తులు లేపింది. పై అంతస్తు టెంటు గుడ్డకు తగిలితే, టెంటువాడితో పోట్లాడి మరీ గుడ్డ కోయించింది. వాన పడకపోవడం ఆమె అదృష్టం. ఊరంతా వచ్చి దాని పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు. నా దగ్గర కొన్ని ఉన్నాయి. ఒకదాంట్లో కేకు పక్కన నాలొంగో కొత్త గోమెసిలో నిలబడి నవ్వుతోంది. పెళ్లికూతురు కేకు వెనకాల ఉంది, ముసుగు కొస మాత్రం కనిపిస్తుంది.